మేనత్త పెట్టెలో హాలీవుడ్ నటి

ఇవాళ సోలార్ ప్యానెళ్లు తుడిచి కూర్చుంటే, ఫోన్‌లో పాత హాలీవుడ్ నటి ఫొటో కనిపించింది. అప్పటినుంచి మనసు నిలవడం లేదు.

కలరా ఉండల వాసన వేసే ట్రంకు పెట్టెలు గుర్తున్నాయా ఫ్రెండ్స్? వారపత్రికలో వచ్చిన ఈమె బొమ్మనే మా మేనత్త తన పెట్టె మూత లోపల అన్నం మెతుకులతో అంటించుకుంది.

అత్తను మళ్లీ మొగుడింటికి పంపే రోజు. ఆమె బట్టలు సర్దుతోంది, తీస్తోంది, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తోంది.

"ఏందమ్మా ఇంత తడువు? బండి కట్టి ఉండాది," అన్నాడు తాత.

అత్త ఆ బొమ్మ చూపించింది. "ఈమె బాగా పేరొచ్చినాక, సినిమాలు ఇంక చాలని మానేసిందంట నాయనా. ఎంతమంది పిలిచినా మళ్లీ పోలేదంట."

"దాంతో నీకేంది?"

"నాకూ ఆ ఇల్లు చాలు. దెబ్బలు తినేదానికి ఇంక పోను."

తాత బయటికి వెళ్లి, బండికి కట్టిన ఎద్దులను విప్పేశాడు.