ఐరేని కుండలు దాచిన ఇల్లు

మా బావ నవ్వుతూ మాట్లాడాడంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. అక్క పోయాక మళ్లీ పెళ్లి చేసుకుని, కూతుర్ని నా దగ్గర వదిలేసి, ఏళ్ల తరబడి అల్వాల్ వైపు తొంగి చూడని పెద్దమనిషి ఆ వేసవిలో మామిడిపండ్ల బుట్టతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"శామీర్‌పేట కాడ కొత్తిల్లు గట్టిన. గృహప్రవేశానికి బిడ్డను తోలియ్యి," అన్నాడు.

పంపను అనడానికి నాకేం హక్కుంది? పిల్లకు పదిహేడేళ్లు. అన్నం పెట్టి పెంచింది నేనైనా కాగితం మీద గార్డియన్ ఆయనే. ఆ సంగతి నన్ను మరిచిపోనివ్వడు కూడా.

"కన్నతండ్రిని నేను. నా బిడ్డను నేను తీస్కపోతా అంటే ఎవలు అడ్డమొస్తరు?" అన్నాడు, నవ్వుతూనే.

పోతూ పోతూ జాకెట్టు కుట్టించడానికి కొలతకని పిల్ల డ్రెస్సు ఒకటి అడిగాడు. పట్టుచీర కొన్నాడట. పండక్కి కూడా పంజాబీ డ్రెస్సు తప్ప వేయని పిల్లకు పట్టుచీర! ఎందుకని అడిగితే, "కట్టుకోని ఫొటో దిగితది, గంతే," అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఆయన పోయాక పిల్లను కూర్చోబెట్టి, వెళ్లొద్దని చెప్పి చూశాను. "అమ్మ చీర ఒకటి నాయిన వాళ్ల అవ్వ కాడున్నదట చిన్నమ్మా. వస్తే ఇస్తా అన్నది. నాకది కావాలె," అంది. అక్క చీర అనేసరికి నేనింకేమీ అనలేకపోయాను. కానీ ఒంటరిగా పంపలేదు. కారు పంపుతానన్నా వద్దని, నా స్కూటీ మీదే తీసుకెళ్లాను.

తూంకుంట దాటి లోపలికి తిరిగాక ఆ ఇల్లు కనిపించింది. ముందు పందిరి లేదు. తలుపులకు రంగు పడలేదు. వంటింట్లో గట్టు కూడా కట్టలేదు, మరి పాలెక్కడ పొంగిస్తారో! చుట్టాలు నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. నేనెరగని ఒకావిడ మా పిల్లను ఎగాదిగా చూసి గడ్డం పట్టుకుని ముద్దు చేసింది. బావ ప్లాట్లు చేసి అమ్ముతున్న వెంచర్ పక్క భూమి వాళ్లదేనట.

కాళ్లు కడుక్కుంటానని వెనక గదిలోకి వెళ్లాను. మూలన పాత దుప్పటి కింద ఏవో ఉన్నాయి. ఎత్తి చూస్తే, సున్నం పూసి ఎర్రజాజు బొట్లు పెట్టిన కుండలు. ఐరేని కుండలు. మా వైపు కుమ్మరి ఇంటి నుంచి వాటిని పెళ్లికే తెస్తారు. గృహప్రవేశానికి వాటితో పనిలేదు.

పందిరి మానుకున్నారు, పత్రికలు మానుకున్నారు, బాజాలు మానుకున్నారు. ఆ కుండలు మానుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. చట్టానికి భయపడనివాళ్లు ఐరేనికి భయపడ్డారు.

"ఐరేని లేకుంటే లగ్గం లగ్గమైతదా? నేనే తెప్పిచ్చిన," అంది వెనక నుంచి బావ తల్లి. ఆమె ముఖంలో తప్పు చేస్తున్నామన్న జాడే లేదు. "రేపు పొద్దుగాల ముహూర్తం. పిలగాడు ఆ వెంచర్ పక్క భూమోళ్ల కొడుకే. నువ్వు లొల్లి జెయ్యకు బిడ్డా."

నేను లొల్లి చేయలేదు. బావలాగే నవ్వుతూ బయటికొచ్చి, స్కూటీలో ఏదో మరిచానని చెప్పి, గేటు అవతల నుంచి పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తర్వాత లోపలికెళ్లి, వాళ్లొచ్చేదాకా పిల్ల చెయ్యి వదల్లేదు.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్, ఆవిడ వెంట ఇద్దరు పోలీసులు వచ్చారు.

"తండ్రిని, నేను ఒప్పుకున్న. పిల్లను గూడ ఒప్పిస్త. ఇంకెవలు కావాలె?" అన్నాడు బావ.

"ఎవరు ఒప్పుకున్నా పద్దెనిమిది నిండకుండా కుదరదు సార్. చేస్తే కేసు మీ మీదే," అంది ఆవిడ, గొంతు పెంచకుండానే.

అప్పుడు పోయింది మా బావ నవ్వు. "నిండనియ్యి. అప్పుడు ఎవలొస్తరో నేనూ చూస్త," అన్నాడు నాతో.

పిల్లల సంక్షేమ కమిటీవాళ్లు పిల్లనే అడిగారు, ఎవరి దగ్గరుంటావని. చిన్నమ్మ కాడ అంది. నా దగ్గరే ఉంచారు. అయినా నాకు నిద్ర లేదు. మా వీధిలో తెలియని కారు ఆగితే చాలు, కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ అనుమానించాను. పిల్ల పుట్టినరోజు దగ్గరపడుతుంటే, ఏ తల్లీ భయపడనంతగా భయపడ్డాను.

ఆ పొద్దున నేను పాయసం కలుపుతుంటే ఆయన ఫోన్ రానే వచ్చింది. స్పీకర్ పెట్టాను.

"నిండినయ్ గద. ఇగ పోలీసోళ్లు రారు, కమిటీ రాదు. శుక్రవారం బిడ్డను తోలియ్యి."

నాలుగు తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో పిల్ల ఫోన్ అందుకుంది.

"అవ్ నాయినా, నిండినయ్," అంది. "ఇన్ని దినాలు నువ్వు ఒప్పుకుంటే సాలనుకున్నవ్. ఇగ నేను ఒప్పుకోవాలె. నేను ఒప్పుకోను."

ఫోన్ పెట్టేయబోయి ఆగింది.

"అమ్మ చీర అవ్వ కాడనే ఉన్నది," అంది పిల్ల. "అది పంపియ్యి."