ఐదు దిండ్ల పక్క

ఆ రోజుల్లో, కనీసం పక్క వేయడంలో, నాకు తెలియని విషయమంటూ లేదు. సూరత్ అడాజన్‌లో దుప్పట్ల షోరూములో చేరి నాలుగు నెలలైంది మరి. (ఇరవై రెండేళ్ల వయసులో నాలుగు నెలల అనుభవమంటే మాటలా.) నూలేదో లినెన్ ఏదో కళ్లు మూసుకుని తడిమి చెప్పేదాన్ని. "పక్క చూస్తే పడుకోబుద్ధి కావాలి, ఎవరూ పడుకున్నట్టు మాత్రం ఉండకూడదు" అనేవాడు మా సేఠ్. అందుకని కింది దుప్పటి ముడత లేకుండా లాగి, పైన కప్పేదాని అంచు జానెడు మడిచి, కుట్టుపూలు బయటికి కనిపించేలా పరిచి, తలవైపు ఐదు దిండ్లు నిలబెట్టేదాన్ని.

అప్పటికి నేతపనికి వలసొచ్చిన తెలుగువాళ్లుండే గోడాదరాలోని మా గదిలో నాన్న మంచాన పడి ఉన్నాడు. ముప్పై ఏళ్లు మగ్గాల దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఇక చాలన్నాయి, ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బతుకంతా బట్ట నేసిన మనిషి పాత పాలిస్టర్ చీరల బొంత మీద చెమటలో నానుతుంటే చూడలేకపోయాను. పోయేలోగా ఒక్కసారైనా లినెన్ మీద హాయిగా నిద్రపుచ్చాలి, అదీ నా పంతం. మూలన మరక పడ్డ తెల్ల దుప్పట్ల జతను సేఠ్‌ని బతిమాలి తెచ్చుకున్నాను. పై దుప్పటి అంచంతా తెల్ల మల్లెల కుట్టు. ఆదివారం పొద్దున ఇరుగుపొరుగు ఇళ్లలో దిండ్లు కూడా అడిగి తెచ్చి, షోరూములో లాగే పక్క వేశాను.

నాన్న కాసేపు చూసి, "గిన్ని దిండ్లు వెడితె నేనేడ పండుకోవాలె బిడ్డా?" అన్నాడు. నాలుగు తీసేశాను. పడుకున్నాక కుట్టంచు తిరగేసి వెనక దారాలు పరీక్షించి, "మిషిన్ పనే. గాని సాఫుంది" అని కళ్లు మూసుకున్నాడు. వారంలో మొదటిసారి దగ్గు లేకుండా నిద్రపట్టింది. మురిసిపోయి దుప్పటి సర్ది, మల్లెల వరుస సరిగ్గా ఛాతీ మీదికి తెచ్చాను.

సరిగ్గా అప్పుడే ఎదురింటి అత్తమ్మ తన దిండు కోసం వచ్చింది. ఆమెకు చూపు అంతంతమాత్రం. తెల్లబట్ట, ఛాతీ మీద మల్లెలు, కదలని మనిషి. గడపలోనే కూలబడి, "చెప్పకుంటనే వోతివా అన్నా" అని శోకం అందుకుంది. వరండా అంతా గుమిగూడింది. ఎవరో నా తల నిమరడం కూడా మొదలుపెట్టారు.

నాన్న ఒక కన్ను తెరిచి, "ఏడికి వోయిన చెల్లె? బాత్రూంకే వోలేకపోతున్న" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి, ఆగేసరికి మధ్యాహ్నమైంది. అలాంటి నిద్ర ఆయనకు మళ్లీ పట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం నన్ను పిలిచి, "నేను వోయినంక గీ బట్ట నా మీద గప్పకు. మంచి పనితనం, కాలవెట్టొద్దు. దీని మీద నువ్వు పండుకో" అన్నాడు. తొమ్మిదో రోజున పోయాడు. మామూలు బట్టే కప్పాం.

ఇప్పుడు షోరూములో కొత్త పిల్లలకు పక్క వేయడం నేనే నేర్పుతున్నాను. ఐదో దిండు నిలబెట్టేటప్పుడు ఆయన మాట వినిపించి, ఆనాటి సర్వజ్ఞురాలిని తలచుకుని నవ్వొస్తుంది. ఇంట్లో ఆ దుప్పటి మీద ఒక్క దిండుతోనే పడుకుంటాను. మల్లెల అంచు మాత్రం కాళ్లవైపు వేసుకుంటాను, ఎదురింటి అత్తమ్మకి ఇప్పుడు చూపు పూర్తిగా పోయినా సరే.