మచ్చుకు మంచి రక్తం

నరసరావుపేట మిర్చి కొట్ల మధ్య పెరిగినవాణ్ని. ధర తగ్గించకుండా నేను దిగిన దుకాణం మెట్టు లేదు. ఆఖరికి డాక్టరుతో కూడా బేరమాడి గెలిచాను. నాలుగేళ్లుగా గుండెల మీద బండలా కూర్చున్నది ఆ గెలుపే. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా ఆవిడకు కొలెస్ట్రాల్ ఎక్కువ. మొదట ఇచ్చిన స్టాటిన్ మాత్రకు తొడలు పట్టేసి, కింద కూర్చుంటే లేవలేకపోయేది. రోజు విడిచి రోజు వేస్తే చాలదా అని అడిగాను. చూద్దామన్నాడు డాక్టరు. సగానికి సగం! బజారంతా చెప్పుకున్నాను. అయినా నొప్పులు తగ్గకపోయేసరికి అది మాన్పించి, ఖరీదైన వేరే రకం మాత్ర రాశాడు. మళ్లీ నోరు తెరిచాను.

"ఇది రోజూ వేయాలి బాబాయ్, దీంట్లో బేరం లేదు," అన్నాడు ఆ కుర్ర డాక్టరు. "దీనికీ నొప్పులొస్తే చెప్పు, ఇంకో దారి చూద్దాం. నీ అంతట నువ్వు తగ్గించమాక."

బేరం లేదని నాతోనా? ఇదీ రోజు విడిచి రోజేనని ఇంట్లో చెప్పాను. కొత్త మాత్రకు నొప్పులు రాలేదు. ఆ సాకు కూడా లేదు నాకు.

బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయలు పేర్చి, రంగు పోయిన తాలు కాయలు అడుగుకు తోయడం మా ఇంటి విద్య. రక్తపరీక్షకీ అదే చేశాను. పరీక్ష ముందు ఇలాగే ఉండాలట అని ఆమెతో చెప్పి, మూడు వారాల ముందునుంచి రోజూ మాత్ర, నూనె లేని కూర. రిపోర్టు మెరిసేది. డాక్టరు మెచ్చుకునేవాడు. కొనేవాడి కళ్లు కప్పానని ఎంత పొంగిపోయానో. కానీ ఆ బస్తా ఎవరిది? ఆ ప్రశ్న నాకు తట్టలేదా, తట్టినా తోసేశానా?

రెండేళ్లకు ఆమె కూరగాయల బజార్లో ఛాతీ పట్టుకుని కూలబడింది. స్టెంటు వేశారు. బతికింది. రోజూ వేసినా ఇలా అయిందంటే మాత్ర చాలలేదనుకుని డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే సూదులు కూడా రాశాడు. నేను ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని మందుల కొట్టుకు నడిచాను. మంచం మీద ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నూనెవి తినొద్దని నువ్వు చెప్తానే ఉన్నావు. నేనే దొంగతనంగా పకోడీలు తిన్నా. నీ తప్పేముందయ్యా."

తల ఊపాను. మాత్రలు తగ్గించడం కంటే ఆ ఊపుడే పెద్ద నేరం.

మా ఆయన మందు ఒక్కరోజు తప్పనివ్వడని ఇప్పుడు చుట్టాలకు గొప్పగా చెబుతుంది. ఈ కాగితం ఆమెకింకా చూపించలేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

ఇక బిల్లు. నాకు మిగిలింది రెండేళ్లలో సగం మాత్రల డబ్బు. స్టెంటుకీ, నెలకు రెండు సూదులకీ అంతకు ఎన్నో రెట్లు కట్టాను, బేరమాడకుండా. ఆమె కట్టింది వేరు: గుండెలో చచ్చిపోయిన కాస్త కండ, తనది కాని తప్పుకు నాలుగేళ్లుగా ముట్టని పకోడీ.