నడుమ నుంచి రాని శత్రువు

మనిషికి స్నేహితులు లేకపోయినా ఎలాగో గడుస్తుంది గాని, శత్రువంటూ కూడా ఎవరూ లేకపోతే సాయంత్రాలు గడవడం మహా కష్టమని నాకు పలాసలో తెలిసొచ్చింది. అప్పట్లో నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి, గుంటూరు వైపు మా ఊరి నుంచి రైలెక్కి వచ్చి, అక్కడో ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారుగా కొత్తగా చేరినవాణ్ణి. బడి నాలుగింటికి అయిపోయేది. ఆ తర్వాత మర్నాడు ప్రార్థన గంట కొట్టేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. ఇల్లుగలావిడ మంచిదే. రోజూ గుమ్మంలో నిలబడి "తిన్నావేటి బాబూ" అని అడిగేది, తిన్నానండీ అనేవాణ్ణి, అంతటితో ఆ రోజుకి మా కబుర్లు అయిపోయేవి. (తినకపోయినా తిన్నాననే చెప్పేవాణ్ణి. లేదంటే ఆవిడ పెడుతుంది, పెడితే కూర్చోవాలి, కూర్చుంటే ఏం మాట్లాడాలో నాకు తెలియదు.) గదిలోకి స్టేషన్లో రైళ్ళ చప్పుడు వినిపించేది. చప్పుడు బట్టి ఏ రైలు మా ఊరి వైపు పోతుందో చెప్పగలనని గొప్పగా అనుకునేవాణ్ణి. అది నిజమో కాదో చెప్పడానికైనా పక్కన ఒకరుండాలి కదా, అందుకని ఆ గొప్ప అలాగే ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, టెక్కలి వైపు ఒక కాలేజీలో స్కూలు పిల్లలకి బొమ్మ టేంకుల యుద్ధం పెడుతున్నారనీ, మన జట్టుని తయారు చేసే బాధ్యత నాదనీ చెప్పారు. రిమోటుతో నడిచే జానెడు టేంకు, ముందు ఒక గుండుసూది, వెనక ఒక బుడగ. ఎదుటివాడి బుడగ పగలగొట్టినవాడు గెలిచినట్టు. టెక్కలిలో గెలిస్తే మరో నెలకి విశాఖపట్నంలో పోటీ. సైన్సు మాస్టార్లలో నన్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, "మీకింకా పెళ్ళి కాలేదు, సాయంత్రాలు ఖాళీయే కదా" అన్నారాయన. యుద్ధాల గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా పంటమొక్కలకీ కలుపుమొక్కలకీ మధ్య జరిగేదే. అయినా సాయంత్రాలు అనే మాట వినపడగానే నేను ఒప్పేసుకున్నాను.

జట్టులో ముగ్గురు. రిమోటు పట్టుకునేది తొమ్మిదో తరగతి అమ్మాయి, అందరికీ హుకుం వేస్తూ తిరిగే మనిషి కాబట్టి ఆమెకి మేజర్ అని పేరు పడింది. రెండోవాడు సముద్రం ఒడ్డు ఊరి కుర్రాడు, వాళ్ళది చేపల వేటకి పోయే కుటుంబం. ఎవరినైనా మావ అని పిలవడం వాడి అలవాటు, దాంతో వాడి పేరే మావ అయిపోయింది (తొందరలో నన్ను కూడా ఒకసారి మావ అనేసి, ఆ తర్వాత రెండు రోజులు నాకు కనపడకుండా తిరిగాడు). ఊడిపోయిన భాగాల్ని వల నేసే దారంతో కట్టడం వాడి పని. మూడోవాడు పాస్టరుగారబ్బాయి, బ్యాటరీలకి చార్జింగు పెట్టేవాడు. ప్రార్థన శాఖ కూడా వాడిదే. ఈ ముగ్గురిలో ఎవరూ అంతకుముందు టేంకు అనే వస్తువుని ఏ రూపంలోనూ చూసినవాళ్ళు కారు. స్కూలు కొన్న టేంకులు రెండు, పోటీకి ఒకటి, అది పాడైతే ఇంకొకటి. మొదటి రోజు రెండూ ముందుకి పొమ్మంటే వెనక్కి పోయాయి. తీగలు మార్చి తగిలించానన్న సంగతి వాళ్ళు కనిపెట్టేలోపు నేను, ఇది తిరోగమన వ్యూహం అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను.

టేంకు నడక వచ్చాక అసలు చిక్కు బయటపడింది. యుద్ధం చెయ్యాలంటే అవతల ఇంకొకడుండాలి. చుట్టుపక్కల ఏ స్కూలూ మాతో ఆడటానికి సిద్ధంగా లేదు. ముగ్గురూ గుసగుసలాడుకుని మేజర్ని నా దగ్గరికి పంపారు. "శత్రువు నేకపోతే ప్రాక్టీసు ఎలగవుద్ది సార్? మాకు ముగ్గురికీ పనుంది. మీరొకలే కదా ఖాళీ" అంది. చూస్తే హెడ్మాస్టరుగారి మాటే, కాని ఈ పిల్ల అంటే నాకు బాధ కలగలేదు. ఆ విధంగా నేను శత్రుసైన్యాన్నయ్యాను. అధిపతినీ, సిపాయినీ, బుడగలు ఊదేవాణ్ణీ కూడా నేనే.

యుద్ధభూమి మేజర్ వాళ్ళ పెద్దమ్మగారి కళ్లం. ఆవిడది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. పచ్చి జీడిపిక్కల్ని పగలంతా సిమెంటు కళ్లంలో ఎండబోసి, పొద్దు వాలేసరికి కళ్లం నడిమధ్యకి పొడుగ్గా గట్టులా ఎగదోసి, మంచు పడకుండా బరకాలు కప్పేసేవాళ్ళు. ఆ గట్టుకి అటో పక్క వాళ్ళు, ఇటో పక్క నేను. పెద్దమ్మగారు పెట్టిన షరతు ఒక్కటే. "మీ యుద్ధాలు మీరు సేసుకోండి. ఒక్క పిక్క సెదిరినా బండిని అట్టికెళ్ళి పొయ్యిలో ఎట్టీగల్ను" అంది. నన్ను చూస్తూనే అంది. అక్కడివాళ్ళకి ఎండబోసిన పిక్కల్ని తొక్కడమంటే అన్నాన్ని తొక్కినట్టే. పిల్లలు ఆ గట్టు జోలికి కలలో కూడా పోరు. అంచేత ఎవరు ఎవరి మీద దండెత్తినా గట్టుకి ఈ చివర నుంచో ఆ చివర నుంచో చుట్టి రావలసిందే. మేజర్ దీన్ని తొందరగానే పట్టేసింది. టేంకుని గట్టు ఎడమ చివర మలుపులో ఆపి కాపు కాసేది. నేను పాపం చుట్టి వచ్చేసరికి ఠప్‌మని నా బుడగ పేలిపోయేది. కుడి వైపు నుంచి వస్తే మావ కేకేసి చెప్పేసేవాడు, ఆమె అటు తిరిగేది, మళ్ళీ ఠప్.

నేను రోజూ ఓడిపోయేవాణ్ణి. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషి ఆ ఉద్దానం ప్రాంతం మొత్తం మీద ఇంకొకడు ఉండడు. ప్రతి యుద్ధానికీ ముందు పాస్టరుగారబ్బాయి అందర్నీ కళ్ళు మూసుకోమని, మా టేంకుకి బలమివ్వు ప్రభువా, సారు టేంకుకి కూడా కొద్దిగా ఇవ్వు అని ప్రార్థించేవాడు. శత్రువుకి ఎందుకురా అని మేజర్ కసిరితే, శత్రువు కోసం కూడా సెయ్యాలంట, నాన్న సెప్పినాడు అనేవాడు. వాళ్ళ నాన్నగారి పుణ్యమా అని ఆ ఊళ్ళో నా గురించి రోజూ ఎవరో ఒకరు దేవుడితో మాట్లాడుతున్నట్టయింది. నాకు ఆ గంటసేపు తప్ప మిగతా రోజంతా ఎందుకూ కొరగాకుండా ఉండేది. టెక్కలిలో వీళ్ళు గెలవాలని నేను ఎంతగా కోరుకున్నానో హెడ్మాస్టరుగారు కూడా కోరుకుని ఉండరు. ఆయనకి కావలసింది కప్పు. నాకు కావలసింది ఇంకో నెల సాయంత్రాలు. ఓడిపోతే మళ్ళీ గదీ, రైళ్ళ చప్పుడూ, తిన్నావేటి బాబూ.

పోటీనాడు పొద్దున్నే బస్సులో టెక్కలి వెళ్ళాం. కాలేజీ హాలు నిండా జనం. నడుమ నున్నటి గచ్చు, నాలుగు వైపులా తెల్ల గీత, లోపల ఏమీ లేదు. అంత ఖాళీ స్థలం చూసి మా పిల్లలు కొంచెం కంగారు పడ్డారు గాని, ఎందుకు కంగారో నాకూ తట్టలేదు, వాళ్ళకీ తట్టలేదు. విజిల్ వేశారు. మా టేంకు రెండు మూరలు ముందుకెళ్ళింది, ఠక్కున ఎడమకి తిరిగింది, లేని గట్టు వెంబడి బుద్ధిగా చివరిదాకా నడిచి, లేని మలుపులో ఆగి కాపు కాసింది. అవతలివాళ్ళు తెల్లబోయారు. మా బండి చెడిపోయిందనుకున్నారో ఏమో, వాళ్ళ టేంకు అటూ ఇటూ తచ్చాడి, చివరికి మాకు వీపు చూపించి నిలబడింది. ఠప్. హాలంతా చప్పట్లు. పక్క స్కూలు మాస్టారు నా భుజం మీద చెయ్యేసి అది ఏం వ్యూహమండీ అని అడిగారు. పిల్లల కష్టమండీ అని వినయంగా తల వంచుకున్నాను. అక్కడున్న అంతమందిలో ఆ జీడిపిక్కల గట్టు నాకొక్కడికే కనపడుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండో ఆటలో అవతల కూర్చున్న అబ్బాయికి వ్యూహాలేమీ తెలియవు. మా టేంకు మామూలుగా గట్టు చుట్టి వెళ్ళి మలుపులో ఆగింది. వాడు తిన్నగా నడుమ నుంచి, మా పిక్కల మీద నుంచి, నడిపించుకుంటూ వచ్చాడు. మేజర్ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. మావ అయితే "ఒరే పిక్కలురా" అని గట్టిగా అరిచాడు. మా బుడగ పేలింది.

తిరుగు బస్సులో, నందిగాం దాటాక మేజర్ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నా సేతి ఏళ్ళు వాటంతటవే అలగ తిరిగిపోనాయి సార్. మీరెప్పుడూ నడుమ నుంచి రానేదు" అంది. నడుమ పిక్కలున్నాయి కదమ్మా అన్నాను. "శత్రువుకి పిక్కలేటి సార్" అంది. నేను చెయ్యగలిగినంత శత్రుత్వం చెయ్యలేదు, అందుకే ఓడిపోయారు. పెద్దమ్మగారి ముందు మంచివాణ్ణనిపించుకోవాలని చూశానే గాని, నేను శత్రువునన్న సంగతే మర్చిపోయాను.

మర్నాడు నాలుగు గంటలకి గదికి పోబుద్ధి కాలేదు. కళ్లంలో చార్జరు మర్చిపోయానని ఒక అబద్ధం తయారు చేసుకుని అటు వెళ్ళాను. అక్కడ ముగ్గురూ ఉన్నారు. మావ దారం ఉండ వెతుక్కోవడానికి వచ్చానన్నాడు, మేజర్ పెద్దమ్మ పిలిచిందంది, పాస్టరుగారబ్బాయికి అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఊరుకున్నాడు. పిక్కలన్నీ పొద్దున్నే ఉడకేయడానికి పోయాయట, కళ్లం తుడిచిపెట్టినట్టు ఖాళీగా ఉంది. మేజర్ రెండో రిమోటు నా చేతికిచ్చి, ఈపాలి నడుమ నుంచి రండి సార్ అంది. పాస్టరుగారబ్బాయి కళ్ళు మూసుకోమన్నాడు. మామూలు ప్రార్థనే చేసి, ఆమెన్ అనబోయి ఆగి, "సారుకి ఇక్కడ ఎవలూ నేరు ప్రభువా, నువ్వే సూసుకో" అన్నాడు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపే మూసుకున్నాను. ఇన్నాళ్ళూ నేనేదో దాచుకుంటున్నానని అనుకున్నాను, ఆ ముగ్గురికీ అది మొదటినుంచీ తెలుసు.

విజిల్ మావ వేశాడు. నేను పళ్ళు బిగించి, నడుమ నుంచి, తిన్నగా, నిజమైన శత్రువులా బయల్దేరాను. రెండు మూరలు పోయాక నా టేంకు ఠక్కున పక్కకి తిరిగి, లేని గట్టుని బుద్ధిగా చుట్టుకుంటూ పోయింది. మేజర్ రిమోటు కింద పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వింది. మావ "ఓలమ్మా, సారుకీ అంటుకుంది" అంటూ గచ్చు మీద దొర్లాడు. లోపల్నుంచి పెద్దమ్మగారు కూడా వచ్చి చూసి నవ్వింది. చీకటి పడేదాకా ఆడుకున్నాం. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి, వేసవిలో నాకు హైదరాబాదులో వేరే ఉద్యోగం వచ్చింది, నేను అక్కణ్ణుంచి వచ్చేశాను.

ఇప్పుడు నా ఫ్లాటులో హాలు పెద్దది. సామాను కొందామనుకుంటూనే ఏళ్ళు గడిచాయి, ఒక్కణ్ణే కదా అని కొనలేదు. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి బాల్కనీ వైపు వెళ్తూ, నాకు తెలియకుండానే నడుమ వదిలేసి గోడ వారగా చుట్టి నడుస్తున్నానని ఈమధ్యనే గమనించాను. వృక్షశాస్త్రం చదివి తిరోగమన వ్యూహం మీద ఉపన్యాసమిచ్చిన ఆ కుర్రమాస్టారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎవరైనా చూస్తే ఇదేం వ్యూహమండీ అని అడుగుదురు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి, ఆ పిక్కలు చెదరకుండా చూసుకుంటూ, మెల్లగా చుట్టి వెళ్ళి బాల్కనీలో కూర్చుంటాను.