నాటకంలో అడిగిన స్టూలు

ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసే పెద్దక్క రోజూ పనిలోకి దిగేముందు పిక్కలకు గుడ్డపట్టీలు బిగించుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోవడానికి ఒక స్టూలు అడగాలని ఎన్నోసార్లు అనుకుంది కానీ సూపర్‌వైజరు ఎదుట నోరు పెగల్లేదు.

ఆ మధ్య నాలుగు దేశాల యువకళాకారులు కలిసి లాండ్రీవాళ్ల కష్టాల మీద నాటకం వేశారు. చూసేవాళ్లెవరైనా మధ్యలో ఆపించి, తామే పాత్రలోకి దిగి తమకు కావలసింది అడగొచ్చు. తోటివాళ్లు ముందుకు నెడితే పెద్దక్క వేదికెక్కింది.

"సారూ, కాళ్లు పీకేస్తున్నాయి. ఒక్క స్టూలు ఇప్పించండి."

సూపర్‌వైజరు వేషంలోని పరదేశపు కుర్రాడు మొండికేయాలి. కానీ ఆమె ముఖం చూసి మనసు కరిగి, వెంటనే స్టూలు తెచ్చి వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తెర వెనక అతని స్నేహితురాలు మాత్రం తలపట్టుకుంది.

"అంత తేలిగ్గా ఇచ్చేశావేంటి? రేపు లాండ్రీలో నిజంగా కాదంటే ఆవిడేం చెప్తుంది?"

మర్నాడు పెద్దక్క అవే మాటలు అసలు సూపర్‌వైజరుతో అంది.

"నీకిస్తే పదిమందీ అడుగుతారు పెద్దక్కా," అన్నాడాయన.

ఆమె తల వంచుకుని ఇస్త్రీపెట్టె అందుకుంది.

కళాకారులు వెళ్తూ నాటకంలో వేసిన ఆ స్టూలు ఆమెకే ఇచ్చేశారు. ఇప్పుడది ఇంట్లో ఉంది. సాయంత్రం దాని మీద కూర్చుని పట్టీలు విప్పుకుంటుంది.