సత్తెమ్మక్కకు చెప్పిన అబద్ధం

ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, రెండు ఊళ్ళు మారాను. ఒక్క అబద్ధం మాత్రం నాతోనే ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు కాబట్టి. అదీ పిరికితనమేనేమో.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక ఆఫీసు భవనంలో నాకు మొదటి ఉద్యోగం. చుట్టూ ఇంకా బండరాళ్ళూ, సగం కట్టిన గోడలూ. మియాపూర్‌లో పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఆఫీసులో క్యారమ్ బోర్డు, చదరంగం ఉన్న చిన్న గది ఒకటి ఉండేది. బడిలో చదరంగంలో బహుమతులు తెచ్చుకున్న పిల్లని. కానీ అక్కడ మా టీమ్ లీడర్ మీద ఏడాదిపాటు ఒక్క ఆటా గెలవలేకపోయాను. పుస్తకాలు చదివాను. కంప్యూటర్‌తో ఆడాను. ఎంత కష్టపడినా అక్కడే ఆగిపోయాను. ఇంతేనా నేను, అని ఏడుపు వచ్చేది.

ఒకరోజు భోజనాల వేళ, ఓడిన ఆటను ఒంటరిగా మళ్ళీ పేర్చుకుంటుంటే వెనక నుంచి ఒక గొంతు.

"ఏంది మేడం, ఆ గుర్రాన్ని ఊకె ఉరికిస్తున్నవ్?"

సత్తెమ్మ. మా అంతస్తులో ఊడ్చి, తుడిచే మనిషి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది. నానక్‌రామ్‌గూడలో ఉండేది. ఆమె భర్త మల్లయ్య లారీ డ్రైవరు. సరుకు ఎక్కేదాకా లారీ అడ్డాల్లో ఆడి ఆడి చదరంగంలో ఆరితేరాడట. లారీ బోల్తాపడి నడుం విరిగి మంచాన పడ్డాక, ఆయనకు తోడుగా కూర్చోవడానికి ఆమె ఆట నేర్చుకుంది. ఆరేళ్ళుగా రోజూ ఆడుతున్నారు.

"నీ ఆలోచనే నువ్వు జేస్తున్నవ్. అవతలోళ్ళ ఆలోచన ఎవరు జెయ్యాలె?" అంది.

ఆ రోజు నుంచి ఓడిన ప్రతి ఆటనూ కాగితం మీద రాసి తెచ్చేదాన్ని. ఇద్దరం మొదటి నుంచీ పేర్చేవాళ్ళం. ఎదుటివాడి ప్రతి ఎత్తు దగ్గరా ఆమె ఆపేది. "ఇదెందుకు ఏసిండు?" నేను చెప్పేదాకా బంటును కూడా ముట్టనిచ్చేది కాదు. రెండు నెలల్లో టీమ్ లీడర్‌తో ఆట సమం చేశాను. మూడో నెలలో గెలిచాను. పేరు వెనక అక్కా అని కలపడం అప్పుడే మొదలుపెట్టాను. ఆమె మీద మాత్రం ఒక్కసారీ గెలవలేదు.

అప్పుడే భవనంలో పోటీ పెట్టారు. ఇక్కడ పనిచేసే ఎవరైనా ఆడవచ్చని నోటీసు. చదివి వినిపించింది నేనే. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "నా పేరు గూడ ఇయ్యవా మేడం?" అంది. ఇంగ్లీషులో ఫారం నింపి పెట్టాను. ఆమె తన పేరు తెలుగులో, ఒక్కో అక్షరమే దిద్ది సంతకం చేసింది.

ఆ ఫారం నేను ఇవ్వలేదు.

ఇవ్వడానికే బయలుదేరాను. మెట్ల దగ్గర ఆగాను. అందరి ముందూ ఆమె చేతిలో ఓడిపోవడం కళ్ళకు కట్టింది. ఊడ్చే మనిషి చేతిలో. అవును, ఆ మాటే అనుకున్నాను, దాచను. ఫారం చించాను. చెత్తబుట్టలో వేస్తే ఎత్తేది ఆమే, తన పేరు గుర్తుపడుతుంది. ఆ ముక్కల్ని నా బ్యాగులో వేసుకున్నాను. అంత జాగ్రత్తగా చేసిన పనిని పొరపాటని ఎలా అనుకోను?

మర్నాడు అడిగింది. "హౌస్‌కీపింగ్ వాళ్ళని ఆడనివ్వరట, సత్తెమ్మక్కా," అన్నాను.

ఆమె చీపురు అందుకుంది. "గట్లనా. ఇగ పోనియ్. నువ్వు గెలిస్తె నేను గెల్చినట్టే గద."

గెలిచాను. ఆమె తలుపు దగ్గర నిలబడి, తడి చేతులతో చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఆ గదిలో తుడవడానికే వచ్చేది. బోర్డు వైపు చూసేది కాదు.

ఆ తర్వాతి వానాకాలంలో మల్లయ్య చనిపోయాడు. పలకరించడానికి వెళ్ళాను. ఒకటే గది, ఖాళీ మంచం. నన్ను చూసి ఆమే నన్ను ఓదార్చినట్టు మాట్లాడింది.

"పేరిచ్చిన్నంటె మా ఆయన ఎంత సంబురపడ్డడో మేడం. మంగలాయన్ని పిలిపిచ్చి గడ్డం గీయించుకున్నడు. ఆటో మాట్లాడు, నేను గూడ వస్త, నలుగుర్ల నువ్వు ఆడంగ జూడాలె అన్నడు. రానియ్యరంట అని చెప్తె గోడదిక్కు మల్లిండు. మల్ల ఆట ముట్టలే. జర ఆడుదాం రా అంటె, మనలాంటోళ్ళకు ఎందుకే ఇయన్నీ అనెటోడు."

అప్పుడైనా చెప్పాలి కదా? నోరు తెరిచాను. ఆమె చాయ్ గ్లాసు చేతికిచ్చింది. తాగాను. తాగి వచ్చేశాను. కొన్నాళ్ళకు ఆమె పని మానేసింది. ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు, నేనూ గట్టిగా వెతకలేదు. దొరికితే చెప్పాల్సి వస్తుందని.

మల్లయ్యకు మిగిలింది ఒక్క ఆట. లోకం తనలాంటివాళ్ళను గడప ఎక్కనివ్వదని నమ్మి, ఆ ఆట కూడా వదిలేసి పోయాడు. లోకం అనలేదు ఆ మాట. పోటీ పెట్టినవాళ్ళూ అనలేదు. ఆమె దగ్గరే ఆట నేర్చుకున్న నేను అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఈ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇప్పుడు అన్నాను. అంతే.