బోణీ మెయిల్

మా నాన్న వ్యాపారమంతా గొంతులోనే ఉండేది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో మాది కమీషన్ కొట్టు. బుచ్చయ్యపేట, కె. కోటపాడు వైపు రైతులు తెచ్చిన బెల్లం దిమ్మల్ని దింపించుకుని, బయట ఊళ్ళ వర్తకులకి అమ్మిపెట్టడం మా పని. నాన్న పొద్దున్నే కొట్టుకొచ్చి, ఆ రోజు వచ్చిన సరుకులో ఒక దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకునేవాడు. అది కరిగేదాకా ఎవరొచ్చి పలకరించినా చెయ్యి అడ్డం పెట్టేవాడే తప్ప నోరు విప్పేవాడు కాదు. కరిగాక ఫోన్ ఎత్తేవాడు. ఇక ఆ గొంతు మా కొట్టు దాటి, పక్క కొట్టు దాటి, తూకం దగ్గర బస్తాలు మోసే కళాసీల దాకా వినబడేది. తెలుగు, ఒడియా, హిందీ మూడూ కలిపి కొట్టిన భాష అది. ఏ బడిలోనూ చెప్పరు, వర్తకులందరికీ మాత్రం అర్థమయ్యేది.

మొదటి ఫోన్ ఎప్పుడూ బరంపురంలో ఉన్న ఒక సేటుకే. ఆయన మిఠాయి కొట్లకి సరుకు వేస్తాడు. ఆయన చెయ్యి మంచిదని నాన్న నమ్మకం. ఆయనతో బోణీ అయితేగానీ ఇంకొకరికి ఫోన్ చేసేవాడు కాదు. ఆ రోజు బెల్లం అక్కర్లేకపోయినా సేటు, "సరే, బోణీకని రెండు దిమ్మలు నా పేరు మీద పక్కన పెట్టు" అనేవాడట. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నది నాకు తెలిసి నా పెళ్ళిలోనే. మిగతా స్నేహమంతా ఫోన్లోనే నడిచింది.

అలాంటి మనిషికి గొంతులో ఏదో పెరిగింది. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. తీసింది చెడ్డది కాదని డాక్టరు చెప్పినప్పుడు ఆసుపత్రి వరండాలో నేనూ అమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఏడుపు అయ్యాక ఆయన రెండో మాట చెప్పాడు, గొంతు మునుపటిలా రాకపోవచ్చని. నిజంగానే రాలేదు. నాన్న నోరు తెరిస్తే గాలి వచ్చేది. ఆ గాలిలో మాటలు ఉండేవి గానీ, చెవి దగ్గర పెడితేనే తెలిసేవి.

ఇంటికొచ్చాక ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టేశాడు. ఒకరోజు నన్ను దగ్గరికి రమ్మని చెవిలో చెప్పాడు.

"గొంతు నేని కొట్టు ఏటి కొట్టే అమ్మా. పక్క కొట్టాయన అడుగుతన్నాడు. ఇచ్చీద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం తొందరగా వస్తుంది, అది నాన్న పోలికే. గవరపాలెంలో అత్తారింటి నుంచి రోజూ వచ్చి కొట్టులో బిల్లులు రాసేది నేను. నన్నొక మాట అడక్కుండా ఇచ్చెయ్యడమేంటి? "మాట్లాడకపోతే వ్యాపారం చెయ్యకూడదా? రాసి చెయ్యి. నేను కంప్యూటర్లో పెడతాను" అన్నాను. వాట్సాప్ పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. మెసేజ్ చూసిన మరుక్షణం వర్తకులు ఫోన్ చేసేస్తారు. మెయిల్ అయితే ఎవరూ ఫోన్ చెయ్యరు, తీరిగ్గా జవాబు రాస్తారన్నాను. ఆ మాటకి కొంచెం మెత్తబడ్డాడు.

"సూద్దాం. పనిసేత్తే సరే. నేపోతే ఇచ్చీడమే" అన్నాడు.

అలా మా కొట్టు ఉండడమా పోవడమా అన్నది ఒక మెయిల్ అడ్రసు మీదకి వచ్చింది.

అప్పటిదాకా బిల్లులు నా సొంత అడ్రసు నుంచి వెళ్ళేవి. అది కాలేజీలో ఉండగా పెట్టుకున్నది. నా ముద్దుపేరు, దాని పక్కన ఒక పువ్వు పేరు. లారీల కొద్దీ బెల్లం కొనేవాళ్ళకి ఇన్నేళ్ళూ ఆ పువ్వే బిల్లులు పంపింది. ఎవరూ నవ్వలేదంటే మర్యాదస్తులనే అనుకోవాలి. ఇప్పుడు నాన్న మాటే అందులోంచి వెళ్ళాలి కాబట్టి కొట్టు పేరు మీద అడ్రసు తీసుకున్నాను. ఆ అడ్రసు అమ్మిన కంపెనీ వాళ్ళు ఒక పాస్‌వర్డు, ఎక్కడ ఏం నింపాలో చెప్పే కాగితం పంపారు.

మంచి రోజు చూసుకుని, రాహుకాలం వెళ్ళాక కూర్చున్నాం. నాన్న నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. నా వెనక మా గుమస్తా నిలబడ్డాడు. ఆయన నేను పుట్టకముందు నుంచీ కొట్టులో ఉన్నాడు. నాన్నని బావా అంటాడు, నేను ఆయన్ని మామా అంటాను. మెయిల్ ప్రోగ్రాంలో నా పాత అడ్రసు అలాగే ఉంచి, దానికింద పంపేవారి కొత్త అడ్రసు చేర్చడం మొదలుపెట్టాను. పంపేవారి పేరు అని ఒక గడి వచ్చింది. కొట్టు పేరు కొట్టాను.

"ముందల శ్రీ ఎయ్యమ్మా" అన్నాడు గుమస్తా మామ.

శ్రీ వేశాను. నాన్న తల ఊపాడు. తర్వాత కొత్త అడ్రసు, పాస్‌వర్డు, మెయిల్ బయటికి వెళ్ళే దారి, అన్నీ కాగితంలో ఉన్నట్టే నింపాను. చివర్లో ఆ కాగితం, మీకు మీరే ఒక టెస్ట్ మెయిల్ పంపుకుని సరిచూసుకోండి అంది. నా చెయ్యి మౌస్ మీదికి వెళ్ళగానే నాన్న చెయ్యి వచ్చి దానిమీద పడింది.

"ఏటది?"

"టెస్ట్ నాన్నా. ఉత్తిదే. వెళ్తుందో లేదో చూడ్డానికి నాకు నేనే పంపుకుంటాను."

"ఉత్తిదా?" ఆయన ముఖం చూడాలి. "కొత్తగా కొట్టు తెరిసి, ముందుగాల ఉత్తి సంచి అమ్ముతావేటే? బోణీ సేటుదే."

"అది బోణీ కాదు నాన్నా, టెస్ట్."

"ముందెల్లేదే బోణీ" అన్నాడు గుమస్తా మామ వెనకనుంచి, తీర్పు చెప్పినట్టు.

ఇద్దరూ ఒకటయ్యారు. ఇంకో రోజైతే వాదించేదాన్నే. ఆ గాలిగొంతుతో ఆయన ఏం అడిగినా కాదనలేని రోజులవి. సరే అన్నాను. నాన్న దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకున్నాడు. కరిగాక నా చెవిలో చెప్పాడు, నేను దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ చేసి కొట్టాను. "సేటూ, ఇది కోటపాడు బెల్లం. రంగు బాగుంది. నోట్లో ఎయ్యగానే ఇరిగిపోదు, మెల్లగా కరుగుతాది. ఇకనుంచి కబుర్లన్నీ ఈ అడ్రసుకే రాయండి. ఫోను సెయ్యకండి."

"ఆపరేషన్ సంగతి రాయనా?" అని అడిగాను.

"వద్దు. తెలిత్తే జాలిపడతారు. జాలిపడి కొన్న బెల్లం నాకొద్దు."

మెయిల్ వెళ్ళింది. నాన్న కంప్యూటరుకి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత మిగతా వర్తకులకి కూడా పంపాం.

జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. నాన్న మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి బెల్లం చప్పరించి చెవిలో చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని, ముందు సేటుకి, తర్వాత మిగిలినవాళ్ళకి. పంపాక ఆయన తెర ముందు అలాగే కూర్చునేవాడు. కళాసీలు టీ తాగి వచ్చి చూసేవారు, కూర్చునే ఉండేవాడు. రైతులు ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు. అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది. సరుకు మాత్రం అక్కడికక్కడ మార్కెట్లో దొరికిన వాళ్ళకి ఎలాగో అమ్మేస్తున్నాం.

నాకు సేటు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నా పెళ్ళిలో పట్టుచీర పెట్టి తల మీద చెయ్యి వేసిన మనిషి. ఇన్నేళ్ళ స్నేహం నాన్నతోనా, నాన్న గొంతుతోనా? రాత్రి మా ఆయనతో ఇదే అంటే, "నువ్వు ఫోన్ చేసి అడిగెయ్" అన్నాడు. ఫోన్ చెయ్యనని, ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పనని నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడు, ఎలా అడుగుతాను?

ఒక పొద్దున్న నాన్న కొట్టుకొచ్చి, దిమ్మల దగ్గరికి వెళ్ళకుండా నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. బెల్లం గిల్లలేదు. "ఈయాల రాయద్దులే" అని, గుమస్తా మామని పిలిచి, సాయంత్రం పక్క కొట్టాయన్ని మాట్లాడడానికి రమ్మనమన్నాడు. మామ, "అలాగే బావా" అని బయటికెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడే గానీ పక్క కొట్టుకి కదల్లేదు.

నేను లోపలి గదిలోకి వెళ్ళి, అడ్రసు అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. తిట్టడానికే చేశాను. ఇంకెవరినీ తిట్టలేక. అవతల ఒక అమ్మాయి అంతా విని, చాలా నెమ్మదిగా అడిగింది.

"మేడమ్, మీకు మీరు ఒక టెస్ట్ మెయిల్ పంపుకుని చూశారా?"

ఆ అమ్మాయికి బోణీ సంగతి ఏమని చెప్పను?

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కంప్యూటర్ ముందుకి వచ్చి, ఆమె చెబుతూ ఉంటే పంపాను, నా పాత అడ్రసు నుంచి కొత్తదానికి. మా తెర మీదికి రాలేదు. అప్పుడు విడమరిచి చెప్పింది. నేను కొత్త అడ్రసుని పంపడానికి మాత్రమే పెట్టాను. దానికి వచ్చే ఉత్తరాలు కంపెనీ వాళ్ళ దగ్గర దాని సొంత డబ్బాలో పడతాయి. ఆ డబ్బాని మా ప్రోగ్రాంకి కలపలేదు. సరుకు పంపడానికి ముందు తలుపు తీసి, తిరిగొచ్చే బండి కోసం వెనక తలుపు తియ్యడం మరిచిపోయామన్నమాట. ఒక్క ఉత్తి మెయిల్ పంపుకుని ఉంటే ఆ మొదటిరోజే తెలిసిపోయేది.

కలిపాను. ఉత్తరాలు ఒకదాని మీద ఒకటి దిగడం మొదలుపెట్టాయి. నేను "నాన్నా" అని అరిచిన అరుపుకి గుమస్తా మామ పడినంత పని చేసి పరిగెత్తుకొచ్చాడు.

అందరూ జవాబిచ్చారు. ఎక్కువ సేటువే. మొదటిరోజే రాశాడు, పంపించండి, అంతా కుశలమా అని. తర్వాత, సరుకు రాలేదేమని. తర్వాత, పంపమన్నాను కదా అని. చివరిది ఆ పొద్దుటిదే. నేను తెలుగులో చదివి వినిపించాను. "భాయ్, రోజూ బెల్లం గురించి రాస్తున్నారు, పంపమంటే పంపడం లేదు. జవాబూ లేదు. ఫోన్ చెయ్యొద్దన్నారని చెయ్యలేదు. నా చెయ్యి ఇంక మీకు కలిసి రావడం లేదా? అదే అయితే సూటిగా చెప్పండి, బోణీ వేరే వాళ్ళకి ఇచ్చుకోండి, నేను బాధపడను. కానీ ఇన్నాళ్ళూ నేను కూడా మీ ఫోన్ వచ్చాకే కొట్టు తెరిచాను."

నాన్న ఏడ్చాడు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు కూడా ఏడవని మనిషి. ఏడుపుకీ చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. నేను వెంటనే జవాబు రాయడానికి కూర్చుంటే, వద్దని నా చేతిలోంచి నా ఫోన్ తీసుకున్నాడు. సేటు నెంబరు ఆయనకి నోటికొచ్చు. తనే నొక్కి, స్పీకర్ పెట్టమని నాకు సైగ చేశాడు.

"సేటూ" అన్నాడు.

అవతల "హలో, హలో, ఎవరూ" అంటున్నాడు. గుమస్తా మామ వెళ్ళి ఫ్యాను ఆపేశాడు. గుమ్మంలోకి వెళ్ళి కళాసీలకి నోటి మీద వేలు పెట్టి చూపించాడు. వాళ్ళు దిమ్మలు దింపడం ఆపేశారు.

"సేటూ. నేనే. గొంతు పోనాది."

అప్పుడు అటునుంచి మాట వచ్చింది, గుసగుసగా, "చెప్పు భాయ్. వింటున్నాను" అని. ఆ పైన సేటు మాట్లాడిందంతా గుసగుసగానే మాట్లాడాడు. ఆపరేషన్ గురించి అడిగాడు, అమ్మ గురించి అడిగాడు, ముందే ఎందుకు చెప్పలేదని తిట్టాడు, ఆ తిట్టూ గుసగుసే. నాన్న ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నావైపు కంగారుగా తిరిగాడు.

"ఆయనకేటైనాదే? ఆయన గొంతు కూడా పోనాదేటి?"

ఆపరేషన్ అయ్యాక నేను నవ్వింది అప్పుడే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

"ఈరోజు సరుకెలా ఉంది?" అన్నాడు సేటు.

నాన్న ఆ రోజు బెల్లం నోట్లో వేసుకోలేదు కదా. ఒక్క నిమిషం ఉండమని ఫోన్ నా చేతిలో పెట్టి లేచాడు. దిమ్మల వైపు వెళ్తూ గుమస్తా మామ చెవిలో ఏదో చెప్పాడు.

"నానసలు పక్క కొట్టాయన్ని రమ్మన్లేదు బావా" అన్నాడు మామ.

నాన్న ఒక దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"ఉన్నారా?" అని అవతలనుంచి గుసగుస.

"బెల్లం నోట్లో వేసుకున్నారు అంకుల్" అన్నాను. నాక్కూడా గుసగుసే వచ్చింది.

"సరే సరే, కరగనీ" అన్నాడు సేటు. అది కరిగేదాకా బరంపురంలో లైను పట్టుకునే ఉన్నాడు.